ఫొటోల కోసం తెరిచిన దారిలో ప్రోగ్రామ్ ఎలా వచ్చింది?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: కొనుగోలుదారులు పంపిన ఫొటోలను వస్తువులపై ముద్రించి ఇచ్చే ఆన్‌లైన్ దుకాణాన్ని నేనూ మా చెల్లెలూ కలిసి నడుపుతున్నాం. దుకాణం వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్మాణ సాఫ్ట్‌వేర్‌పై, దానికి దుకాణం సౌకర్యాలు చేర్చే వూకామర్స్‌పై నడుస్తుంది. ఫొటోలు తీసుకోవడానికి విడిగా ఒక ప్లగిన్ (అదనపు సౌకర్యం చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్) కొన్నాం. ఇటీవల హోస్టింగ్ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మా అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో హానికరమైన పీహెచ్‌పీ (సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్ భాష) ఫైల్ ఒకటి కనిపించిందనీ, ప్లగిన్‌లో ఉన్న భద్రతా లోపమే దానికి కారణమనీ, ప్లగిన్‌ను అప్‌డేట్ చేసి ఆ ఫైల్‌ను తొలగించామనీ, ఇక సైటు సురక్షితమనీ అందులో రాశారు. మేం అడిగింది ఫొటోలు మాత్రమే. ప్రోగ్రామ్ ఎలా వచ్చింది? అప్‌డేట్‌తో పని అయిపోయినట్టేనా? కొనుగోలుదారులకు ఈ సంగతి చెప్పాలా?

సమాధానం: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ ఆలస్యానికి తావు లేదు. పని అయిపోలేదు. అప్‌డేట్ వల్ల ఇకమీదట ఆ దారిలో కొత్త ఫైల్ రాదు, అంతే. అంతకుముందే లోపలికి వచ్చినవారు ఎక్కడెక్కడ ఏమేం పెట్టి వెళ్లారో అప్‌డేట్‌కు తెలియదు, దాన్ని వెతకడం దాని పనీ కాదు. కాబట్టి ముందుగా కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపి, దుకాణం తాత్కాలికంగా మూసి ఉందని తెలిపే పేజీ పెట్టండి. మిగిలినవి ఆ తర్వాత వరుసగా చూద్దాం.

ఇక మొదటి ప్రశ్న. వెబ్ సర్వర్ దగ్గర రెండు రకాల ఫైళ్లు ఉంటాయి. బొమ్మ లాంటి ఫైల్‌ను ఎవరైనా అడిగితే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు తీసి పంపుతుంది. పీహెచ్‌పీ ఫైల్‌ను అడిగితే మాత్రం పంపదు, దాన్ని అక్కడికక్కడే నడిపి, వచ్చిన ఫలితాన్ని పంపుతుంది. ఏ ఫైల్ ఏ రకమో సర్వర్ సాధారణంగా తేల్చుకునేది ఫైల్ పేరు చివర, చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్‌ను బట్టే. లోపల ఏముందో అది చూడదు. వర్డ్‌ప్రెస్‌లో అప్‌లోడ్స్ ఫోల్డర్ బయటివారికి అందుబాటులోనే ఉంటుంది, ఎందుకంటే అందులోని బొమ్మలు పేజీల్లో కనిపించాలి. ఆ ఫోల్డర్‌లోకి పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్ ఒకటి చేరి, పంపినవారికి దాని చిరునామా తెలిస్తే, ఆ చిరునామాను ఒక్కసారి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, మీ సర్వరే ఆ ఫైల్‌ను మీ దుకాణానికి ఉన్న అధికారాలతో నడుపుతుంది. ఇలాంటి చిన్న ప్రోగ్రామ్‌ను వెబ్‌షెల్ అంటారు. వర్డ్‌ప్రెస్ కాన్ఫిగరేషన్ ఫైల్‌ను అది చదవగలదు, అందులో ఉన్న డేటాబేస్ పాస్‌వర్డ్‌తో ఆర్డర్లన్నిటినీ చదవగలదు. సాఫ్ట్‌వేర్ బలహీనతల జాబితా అయిన సీడబ్ల్యూఈలో ఈ లోపానికి 434 అనే సంఖ్య ఉంది. ప్రమాదకరమైన రకం ఫైళ్లను అడ్డు లేకుండా స్వీకరించడమని దాని భావం.

ప్లగిన్ తనిఖీ చేయదా అని మీరు అడుగుతారు. చేస్తుంది, కానీ ఆ తనిఖీ ఎక్కడ, దేన్ని చూసి జరుగుతున్నదనేది అసలు విషయం. ఫొటోలను మాత్రమే ఎంచుకోనిచ్చే పెట్టె సందర్శకుడి బ్రౌజర్‌లో ఉంటుంది. దాడి చేసేవారు ఆ పెట్టెను వాడరు, సర్వర్‌కు నేరుగా తమ సొంత అభ్యర్థన రాసి పంపుతారు. ఇది జేపెగ్ బొమ్మ అని అభ్యర్థనలో ఉండే మాట కూడా పంపినవారు రాసినదే, కాబట్టి దానికి విలువ లేదు. ఫైల్ మొదటి అక్షరాలను చూసి రకం తేల్చడం కొంత మెరుగే, అయినా సరిపోదు. జిఫ్ బొమ్మ మొదట్లో ఉండవలసిన ఆరు అక్షరాలను రాసి, వాటి వెనుక పీహెచ్‌పీ కోడ్ పెడితే, బొమ్మలను పరీక్షించే సాధనం కంటికి అది జిఫ్‌లా కనిపిస్తుంది. పీహెచ్‌పీ మాత్రం మొదటి ఆరు అక్షరాలను మామూలు పాఠ్యంగా వదిలేసి, వెనుక ఉన్న కోడ్‌ను నడుపుతుంది.

పేరును శుభ్రం చేయడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. వూకామర్స్ అప్‌లోడ్ ఫైల్స్ అనే ప్లగిన్‌లో 2021లో బయటపడిన లోపం (బయటపడిన లోపాలకు సంఖ్యలిచ్చే సీవీఈ జాబితాలో సీవీఈ-2021-24171) ఇందుకు మంచి ఉదాహరణ. నిషిద్ధ ఎక్స్‌టెన్షన్ కనిపిస్తే పేరులోంచి దాన్ని తీసివేయాలన్నది ఆ ప్లగిన్ నియమం, కానీ ఆ తీసివేత ఒక్కసారే జరిగేది. 'కకలంలం' అనే అక్షరాల వరుసలోంచి 'కలం' అనే మాటను ఒక్కసారి తీసివేసి చూడండి. మధ్యలోది పోయి, అటూ ఇటూ మిగిలిన అక్షరాలు కలిసి మళ్లీ 'కలం' అవుతుంది. దాడి చేసేవారు నిషిద్ధ ఎక్స్‌టెన్షన్ మధ్యలో అదే ఎక్స్‌టెన్షన్‌ను ఇరికించి పంపగలిగారు. శుభ్రం చేసే కోడే వారికి కావలసిన పేరును తయారు చేసి ఇచ్చింది. ఫైల్‌ను ప్లగిన్ ఉద్దేశించిన ఫోల్డర్ దాటించి మరోచోట పెట్టే వీలు కూడా అందులో ఉండేది. 59.4 వెర్షన్‌లో వీటిని సరిదిద్దారు.

మీ దుకాణానికి ఇంకా దగ్గరి ఉదాహరణ అదే ఏడాది మే 31న వర్డ్‌ప్రెస్ భద్రతా సంస్థ వర్డ్‌ఫెన్స్ గుర్తించిన ఫ్యాన్సీ ప్రోడక్ట్ డిజైనర్ లోపం. వస్తువులపై ముద్రించుకోవలసిన బొమ్మలను, పీడీఎఫ్‌లను కొనుగోలుదారులు అప్‌లోడ్ చేసే ప్లగిన్ అది. 17,000కు పైగా సైట్లలో ఉండేది. సరిదిద్దిన 4.6.9 వెర్షన్ జూన్ 2న వచ్చింది గానీ, అంతకుముందే దాడులు మొదలయ్యాయి. దాడి చేసినవారు ముఖ్యంగా దుకాణాలను ఎంచుకుని, డేటాబేస్‌లోని ఆర్డర్ల వివరాలను లాగడానికి ప్రయత్నించినట్టు వర్డ్‌ఫెన్స్ అప్పట్లో తెలిపింది. దిద్దుబాటు వచ్చేనాటికే చొరబాటు జరిగిపోయి ఉండవచ్చన్న సంగతిని ఈ తేదీలే చెబుతున్నాయి. మీ హోస్టింగ్ సంస్థ రాసిన 'ఇక సురక్షితం' అన్న మాటను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు శుభ్రపరిచే పని. ఏదీ తొలగించకముందే సైటు ఫైళ్లు, డేటాబేస్, సర్వర్ లాగ్‌ల (ఎవరు ఎప్పుడు ఏది అడిగారో సర్వర్ రాసుకునే నమోదుల) నకలు తీసి వేరేచోట భద్రపరచండి. లాగ్‌లను చాలా హోస్టింగ్ సంస్థలు ఎక్కువ కాలం ఉంచవు కాబట్టి అవి కావాలని ఈ రోజే అడగండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ ఫైల్‌ను ఎవరైనా మొదటిసారి తెరిచిన క్షణం ఆ లాగ్‌లలో ఉంటుంది. ఆ ఐపీ చిరునామా నుంచి ముందూ వెనుకా వచ్చిన అభ్యర్థనలను చూస్తే మిగిలిన కథ చాలావరకు తెలుస్తుంది. ఫైళ్లపై కనిపించే మార్పు తేదీలను మాత్రం నమ్మకండి, వాటిని వెనక్కి జరపడం చాలా తేలిక.

ఆ తర్వాత ఉన్నదాన్ని బాగు చేయడానికి ప్రయత్నించకుండా, వర్డ్‌ప్రెస్‌ను, థీమ్‌ను, ప్రతి ప్లగిన్‌ను వాటి అసలు చోటునుంచి కొత్తగా తెచ్చి పెట్టుకోవడం నా అనుభవంలో తక్కువ శ్రమ, ఎక్కువ నమ్మకం. పాత సైటునుంచి తెచ్చుకోవలసినవి బొమ్మలు, డేటాబేస్ మాత్రమే. ఆ రెంటినీ కూడా జల్లెడ పట్టాలి. అప్‌లోడ్స్‌లో పీహెచ్‌పీతో పాటు పీహెచ్‌టీఎంఎల్, ఫార్ అనే ఎక్స్‌టెన్షన్లు ఉన్న ఫైళ్లనూ, పేరు ముందు చుక్క ఉండి మామూలుగా కనిపించని ఫైళ్లనూ వెతకండి. డేటాబేస్‌లో మీకు తెలియని అడ్మిన్ ఖాతా, మీరు పెట్టని షెడ్యూల్ పని, పేజీల్లో చేరిన తెలియని స్క్రిప్ట్ ఉన్నాయేమో చూడండి. ఎంయూ-ప్లగిన్స్ అనే ఫోల్డర్‌ను మరిచిపోవద్దు. అందులో పెట్టిన ఫైల్ ఎవరూ యాక్టివేట్ చేయకుండానే నడుస్తుంది. బ్యాకప్‌నుంచి పునరుద్ధరించాలనుకుంటే, ఆ బ్యాకప్ చొరబాటుకు ముందునాటిదని లాగ్‌ల సాక్ష్యంతో తేల్చుకున్నాకే ఆ పని చేయండి.

పాస్‌వర్డ్‌ల మార్పు శుభ్రం చేసిన తర్వాత జరగాలి, ముందు మారిస్తే కొత్తవి కూడా అదే వెబ్‌షెల్ చదువుతుంది. అడ్మిన్, డేటాబేస్, ఎఫ్‌టీపీ (సర్వర్‌కు ఫైళ్లు పంపే దారి), మెయిల్ పాస్‌వర్డ్‌లు, వూకామర్స్ ఏపీఐ కీలు (ఇతర ప్రోగ్రామ్‌లు దుకాణంతో మాట్లాడేందుకు వాడేవి), వర్డ్‌ప్రెస్ సాల్ట్‌లు (లాగిన్లను కాపాడే రహస్య అక్షరాల వరుసలు) అన్నీ మార్చాలి. చెల్లింపు సంస్థ ఇచ్చిన రహస్య కీ ఒక్కటి ఇందుకు మినహాయింపు. దాన్ని ఆ సంస్థ ప్యానెల్‌లో ఇప్పుడే రద్దు చేసి, కొత్త కీని మాత్రం సైటు శుభ్రమయ్యాకే పెట్టండి.

చివరిగా మీ మూడో ప్రశ్న. చెప్పండి. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లతో పాటు మీ దగ్గర కొనుగోలుదారుల పిల్లల ఫొటోలు, పెళ్లి ఫొటోలు, చనిపోయిన ఆత్మీయుల ఫొటోలు ఉండి ఉంటాయి. ఆ ఫోల్డర్‌లోనే పరాయి ప్రోగ్రామ్ ఉన్నదన్న సంగతి తెలుసుకునే హక్కు వాటిని పంపినవారికి ఉంది. ఏ తేదీనుంచి ఏ తేదీ వరకు ప్రమాదం ఉన్నది, ఏయే వివరాలు అక్కడ ఉన్నవి, మీరు ఏం చేశారు, వారు ఏం చేయాలి అన్నవి సూటిగా రాయండి. లాగ్‌లు దొరకకపోతే 'డేటా పోయినట్టు ఆధారాలు లేవు' అని రాయకండి. చూడడానికి లాగ్‌లే లేవన్నది వేరే మాట, అదే రాయండి. ఎవరికి ఎంత గడువులో తెలపాలన్నది మీకూ మీ కొనుగోలుదారులకూ వర్తించే చట్టాలను బట్టి ఉంటుంది. ఐరోపా సమాఖ్య జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ) నియమాలు వర్తించేచోట పర్యవేక్షక అధికారులకు తెలపడానికి విషయం తెలిసినప్పటినుంచి 72 గంటలే గడువు. న్యాయవాదిని ఈ వారంలోనే కలవండి.

ప్రశ్న: మా దుకాణంలో కార్డు వివరాలు నిల్వ ఉండవు. కొనుగోలుదారులు చెల్లింపు సంస్థ పేజీకి వెళ్లి అక్కడే కార్డు నంబరు ఇస్తారు. అలాంటప్పుడు మా సైటులోకి ఎవరైనా చొరబడినా వారికి దొరికేదేమిటి?

సమాధానం: నిల్వ ఉన్న కార్డు నంబర్లు దొరకవు. అది మీరు తీసుకున్న మంచి నిర్ణయమే, మార్చుకోవద్దు. అయితే చెల్లింపు పేజీకి కొనుగోలుదారును పంపేది మీ చెకౌట్ పేజీ. ఆ పేజీని మార్చగలిగినవారు, అసలు పేజీకి పంపేముందు దానిలాంటి కార్డు ఫారమ్‌నే ఒకటి మీ సైటులో చూపించి, నంబరు తీసుకుని, ఏదో పొరపాటు జరిగిందని చెప్పి తర్వాత అసలు పేజీకి పంపవచ్చు. కొనుగోలుదారుకు రెండోసారి నంబరు ఇవ్వవలసి రావడం చిన్న ఇబ్బందిలా తోస్తుంది, అనుమానం రాదు. డబ్బు మీ ఖాతాకు చేరుతూనే ఉంటుంది కాబట్టి మీకూ అనుమానం రాదు. కార్డు వివరాలను ఇలా దొంగిలించే స్క్రిప్ట్‌లను స్కిమ్మర్లు అంటారు. కార్డు చెల్లింపుల భద్రతకు ఉద్దేశించిన పీసీఐ డీఎస్ఎస్ ప్రమాణం నాలుగో వెర్షన్‌లో, చెల్లింపు పేజీల్లో నడిచే స్క్రిప్ట్‌ల జాబితా ఉంచుకోవాలని, వాటిలో మార్పు వస్తే గుర్తించే ఏర్పాటు ఉండాలని కొత్తగా చేర్చిన నిబంధనలు 2025 మార్చి 31 నుంచి తప్పనిసరి అయ్యాయి.

ప్రశ్న: నేను ప్లగిన్లు రాస్తాను. దుకాణాల కోసం రాసిన ఒక అప్‌లోడ్ ప్లగిన్‌లో, ఫైల్ రకం బొమ్మ అవునో కాదో చూసి, నాన్స్ (పేజీతో పాటు వచ్చే తాత్కాలిక సంకేతం) సరిచూసి, ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా ఒక హెచ్‌టీయాక్సెస్ ఫైల్ (అపాచీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు ఫోల్డర్ నియమాలు చెప్పేది) పెట్టాను. జేపెగ్, పీఎన్‌జీ, ఎస్‌వీజీ తీసుకుంటున్నాను. ఇంకేమైనా చేయాలా?

సమాధానం: మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్న ప్లగిన్లలోనూ లోపాలు బయటపడ్డాయి. హెచ్‌టీయాక్సెస్‌తో మొదలుపెడతాను. జేక్వెరీ ఫైల్ అప్‌లోడ్ అనే ప్లగిన్ కూడా భద్రత కోసం దానినే నమ్ముకుంది. అపాచీ సర్వర్ 2.3.9 వెర్షన్‌నుంచి, అంటే 2010నుంచి, నిర్వాహకుడు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆ ఫైల్‌ను పట్టించుకోవడం మానేసింది. ప్లగిన్ కోడ్‌లో ఒక్క అక్షరమూ మారకుండానే దాని రక్షణ తొలగిపోయింది. అకమాయ్ సంస్థ పరిశోధకుడు లారీ క్యాష్‌డాలర్ 2018లో దీన్ని బయటపెట్టేనాటికి (సీవీఈ-2018-9206) ఎనిమిదేళ్లు గడిచాయి. 9.22.1 వెర్షన్‌లో సరిదిద్దారు గానీ, ఆ కోడ్‌ను తీసుకుని తమ అవసరాలకు మార్చుకున్న ప్రాజెక్టులు అప్పటికే వేలల్లో ఉన్నాయి, వాటికి ఆ దిద్దుబాటు తనంతట తాను చేరదు. మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన ఎన్‌జిన్ఎక్స్ అయితే హెచ్‌టీయాక్సెస్‌ను ఎన్నడూ చదవదు. ఆ ఫైల్‌ను ఉంచండి, కానీ అది లేదనుకుని మిగిలిన కోడ్ రాయండి.

అలా రాయడమంటే, సందర్శకుడు పంపిన పేరును పూర్తిగా వదిలేసి, యాదృచ్ఛికమైన పేరును సర్వరే ఇవ్వాలి. నిషిద్ధ జాబితా పెట్టుకోకుండా అనుమతించిన జాబితా పెట్టుకుని, ఎక్స్‌టెన్షన్‌ను అందులోంచే తీసుకోవాలి. వీలైతే ఫైల్‌ను వెబ్‌కు అందని ఫోల్డర్‌లో ఉంచి, ఆ ఆర్డరు ఎవరిదో సరిచూసుకున్న తర్వాతే మీ కోడ్ ద్వారా అందించాలి. ఈ చివరి మాట నాకు అన్నిటికంటే ముఖ్యం. వచ్చిన ఫైల్‌కు నేరుగా చిరునామాయే లేకపోతే, తనిఖీలన్నీ విఫలమైనా దాన్ని బయటినుంచి పిలిచి నడపడం చాలా కష్టమవుతుంది, పరాయివారు ఇంకొకరి ఫొటోలను చూడలేరు కూడా. వర్డ్‌ప్రెస్ తన సొంత అప్‌లోడ్ ఫంక్షన్లలో పేరునూ రకాన్నీ సరిచూసే పని ఇప్పటికే చేస్తున్నది కాబట్టి, వాటిని పక్కనపెట్టి సొంతంగా రాసుకోవడం మంచిది కాదు.

బొమ్మను తెరిచి మళ్లీ కొత్తగా రాయడం వల్ల అందులో దాచిన అదనపు సమాచారం చాలావరకు పోతుంది, ఫొటో తీసిన స్థలం వివరాలు కూడా పోతాయి, అది కొనుగోలుదారులకు మేలు. కానీ తిరిగి రాసినా నిలిచేలా పీఎన్‌జీ బొమ్మల్లో కోడ్‌ను దాచే పద్ధతులు ఉన్నాయి కాబట్టి ఇది పైవాటికి తోడుగా ఉండవలసినదే. బొమ్మలను తెరిచే లైబ్రరీలోనే లోపం ఉండవచ్చు కూడా. 2016లో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ లైబ్రరీలో బయటపడిన లోపం (సీవీఈ-2016-3714) వల్ల, బొమ్మ పేరుతో వచ్చిన ఫైల్‌ను మార్చబోయిన సర్వరే అందులోని ఆదేశాలను నడిపింది. లైబ్రరీని తాజాగా ఉంచండి, బొమ్మ కొలతలకు హద్దు పెట్టండి.

ఎస్‌వీజీని మానేయమనే నా సలహా. అది బొమ్మలా కనిపించే పాఠ్యం, అందులో స్క్రిప్ట్ ఉండవచ్చు. కొనుగోలుదారు పంపిన ఎస్‌వీజీని దుకాణం యజమాని ఆర్డరు చూస్తూ కొత్త ట్యాబ్‌లో తెరిస్తే, ఆ స్క్రిప్ట్ యజమాని లాగిన్‌తో, యజమాని అధికారాలతో నడుస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ఎస్‌వీజీ అప్‌లోడ్‌కు అనుమతి లేకపోవడానికి ఇలాంటి ప్రమాదాలే కారణం.

నాన్స్ గురించి ఒక మాట. అది అభ్యర్థన మీ పేజీనుంచే వచ్చిందని చెబుతుంది, పంపినవారికి అధికారం ఉందని చెప్పదు. లాగిన్ లేని సందర్శకులకు కూడా మీ పేజీ నాన్స్‌ను ఇస్తుంది, దాడి చేసేవారు పేజీ మూలాన్ని తెరిచి దాన్ని తీసుకోవచ్చు.

ప్రశ్న: గతంలో వాడిన అప్‌లోడ్ ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసి వదిలేశాను. అలా ఉంచితే ప్రమాదమా?

సమాధానం: ప్రమాదమే. డీయాక్టివేట్ చేస్తే వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ను పిలవడం మానేస్తుంది, దాని ఫైళ్లు మాత్రం సర్వర్‌లో వాటి చిరునామాలతో అలాగే ఉంటాయి. 2020 సెప్టెంబరులో డబ్ల్యూపీ ఫైల్ మేనేజర్ ప్లగిన్‌లో దాడులకు గురైన లోపం (సీవీఈ-2020-25213) ఇలా నేరుగా తెరవగలిగిన ఒక ఫైల్ వల్లనే వచ్చింది. ఎల్‌ఫైండర్ అనే లైబ్రరీతో వచ్చిన నమూనా ఫైల్ పేరు చివర ఉన్న, దాన్ని నడవనివ్వని ఎక్స్‌టెన్షన్‌ను తీసేసి పీహెచ్‌పీ ఫైల్‌గా ప్లగిన్‌లో ఉంచడంతో, లాగిన్ లేనివారు కూడా దాన్ని పిలిచి ఫైళ్లు పెట్టగలిగారు. ఆ ప్లగిన్ అప్పటికి 7,00,000కు పైగా సైట్లలో ఉంది. ఇలాంటి ఫైల్ మీ పాత ప్లగిన్‌లో ఉంటే, ప్లగిన్ యాక్టివ్‌గా ఉందా లేదా అన్నది అది చూడదు.

కాబట్టి తొలగించండి. డబ్బు పెట్టి కొన్న ప్లగిన్ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. లైసెన్సు గడువు తీరితే వాటిలో చాలావాటికి కొత్త వెర్షన్ డ్యాష్‌బోర్డ్ ద్వారా అందదు, థీమ్‌తో కలిపి వచ్చినవైతే థీమ్ తయారీదారు అప్‌డేట్ చేసినప్పుడే మారుతాయి. తొలగించిన తర్వాత ఫైల్ మేనేజర్‌లోనో ఎఫ్‌టీపీలోనో చూసి ప్లగిన్ ఫోల్డర్ నిజంగా పోయిందని నిర్ధారించుకోండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ ప్లగిన్ తన కోసం సృష్టించుకున్న ఉపఫోల్డర్ సాధారణంగా అలాగే మిగిలిపోతుంది. అందులో పాత కొనుగోలుదారుల ఫైళ్లు ఉంటే, అవసరమైనవాటిని వేరేచోట భద్రపరచి మిగిలినవాటిని తొలగించండి. వాటి మధ్య పీహెచ్‌పీ ఫైల్ కనిపిస్తే మాత్రం దాన్ని తొలగించకముందే మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానంలో చెప్పినట్టు సైటు మొత్తానికి నకలు తీసి, లాగ్‌లు అడగండి.